ఇంట్లో పాత ఫోటోలను కాపాడుకోవడం ఎలా: పేర్లు రాయడం నుంచి ప్రింట్ల దాకా

చాలా ఇళ్లలో బీరువా అడుగునో, అటక మీదో ఒక పాత సంచి ఉంటుంది. అందులో అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్, తిరుపతిలో గుండుతో దిగిన ఫోటోలు, ఎవరివో తెలియని పాస్‌పోర్ట్ సైజులు, నెగెటివ్ ముక్కలు. తీరిక దొరికినప్పుడు స్కాన్ చేయిద్దామని అందరం అనుకుంటాం. పాత ఫోటోలు సర్దడం నాకు చాలాకాలంగా ఇష్టమైన పని. మా ఇంటివి అయ్యాక చుట్టాల ఇళ్లవి కూడా సర్దుతూ వస్తున్నాను. ఎవరు సలహా అడిగినా ముందు ఒకటే చెబుతాను. స్కానింగ్ ఇంకో రెండేళ్లు ఆలస్యమైనా ఫోటో ఉంటుంది. అందులో ఉన్నదెవరో చెప్పగలిగే పెద్దవాళ్లు ఉంటారో లేదో మనకు తెలియదు. అందుకే నేను చెప్పే వరసలో స్కానర్ చాలా వెనక వస్తుంది. ముందుగా చేయాల్సినదంతా మనుషులతో కూర్చుని చేసే పని.

మొదటి మెట్టు: అన్నీ ఒకచోట చేర్చండి, కానీ కలపకండి

ఆదివారం పూట మంచం మీద శుభ్రమైన పాత కాటన్ దుప్పటి పరిచి, ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ తెచ్చి పెట్టండి. గోడ మీది పటాలు, పర్సుల్లో ఉన్నవి, పాత సర్టిఫికెట్ల ఫైల్లో ఇరుక్కున్నవి కూడా. శుభలేఖలు దొరికితే అవి ఇంకా ముఖ్యం, పక్కన పెట్టుకోండి.

కుప్పలుగా పోసి సైజుల వారీగా పేర్చాలని చేతులు తహతహలాడతాయి. ఆగండి. ఒకే కవర్లో ఉన్న పది ఫోటోలు ఒకే రోజువి కావచ్చు. ఆల్బమ్‌లో ఎవరో అతికించిన వరస కూడా ఒక సమాచారమే. ఏ ఫోటో ఏ కవర్లోంచి, ఎవరింటి నుంచి వచ్చిందో తెలిసేలా ఒక్కో కట్టకు ఒక చీటీ పెట్టండి: 'పెద్దమ్మ ట్రంకు పెట్టె, పసుపు కవరు' అంటే చాలు. తుడవడాలు, కడగడాలు ఇప్పుడే వద్దు.

ఈ మెట్టులోనే ఇంకో పని ఉంది. ప్రతి ఆల్బమ్ పేజీని, ప్రతి కట్టను ఫోన్‌తో మామూలుగా ఫోటో తీసిపెట్టుకోండి. నాణ్యత గురించి ఆలోచించకండి. తర్వాత ఏదైనా చిరిగినా, వరస మారినా ఈ ఫోటోలే దారి చూపిస్తాయి. పెద్దవాళ్లు దూరంగా ఉంటే వీడియో కాల్‌లో చూపించడానికీ ఇవే పనికొస్తాయి.

రెండో మెట్టు: పెద్దవాళ్లతో కూర్చోండి

మొత్తం పనిలో విలువైన భాగం ఇది. ఎంత సమయం పెట్టినా తక్కువే.

పొద్దున టిఫిన్ అయ్యాక కూర్చోవడం మంచిది. మధ్యాహ్నం భోజనం చేశాక పెద్దవాళ్లకు కునుకు పడుతుంది, సాయంత్రం దీపం పెట్టే వేళకు చూపు ఆనదు. కిటికీ పక్కన వెలుతురులో కూర్చోబెట్టండి. కళ్లద్దాలు, వీలైతే ఒక భూతద్దం దగ్గర పెట్టండి. ఫోటో మరీ చిన్నదైతే ఫోన్లో తీసినదాన్ని టీవీ మీదో ట్యాబ్ మీదో పెద్దది చేసి చూపించండి. మొహం పెద్దగా కనపడగానే 'అరె, వీడు మన…' అని పేరు తన్నుకొస్తుంది. ఒక విడతకు పదిహేను, ఇరవై ఫోటోలు మించొద్దు. అలసట మొదలైతే 'ఏమో నాయనా, గుర్తులేదు' అనేస్తారు, ఆ తర్వాత ఇక లాగలేం.

ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఆ సంగతి వాళ్లకు చెప్పి, పక్కన పెట్టేయండి. మీరు రాసుకుంటూ కూర్చుంటే వాళ్లు మీ పెన్ను వైపు చూసి మాట తగ్గిస్తారు. ముందే ఒక్కో ఫోటోకు చీటీ మీద ఒక నంబరు వేసుకుని, ఫోటో చేతికిచ్చేముందు ఆ నంబరు పైకి చదవండి: 'పన్నెండో ఫోటో.' తర్వాత రికార్డింగ్ విన్నప్పుడు ఏ మాట ఏ ఫోటోదో వెతుక్కోనక్కర్లేదు.

కుదిరితే ఇద్దరు పెద్దవాళ్లను కలిపి కూర్చోబెట్టండి. అక్కాచెల్లెళ్లయితే మరీ మంచిది. ఒక్కరే ఉంటే పేరు చెప్పి ఊరుకుంటారు, ఇద్దరుంటే వాదించుకుంటారు. ఆ వాదనలోనే అసలు సంగతులు బయటపడతాయి. ఒక గ్రూప్ ఫోటో దగ్గర మా నాయనమ్మ, వాళ్ల చెల్లెలు మాట్లాడుకున్న తీరు నాకు బాగా గుర్తు.

'ఇది మన చిన్నోడి బారసాల కదే.'

'కాదక్కా. వెనకాల ఇల్లు చూడు. ఇంకా వసారా దించలేదు. చిన్నోడు పుట్టేసరికి వసారా ఉంది, నువ్వు బాలింతగా అక్కడే కదూ పడుకుంది. ఇది పెద్దోడిది.'

పెంకుటింటి ముందు వసారా లేకపోవడంతో ఆ ఫోటో వయసు తేలిపోయింది. చంకలో ఉన్న పసివాడు ఎవరో కూడా మారిపోయాడు. ఇలాంటి ఆధారం ఏ యాప్ కూడా పట్టుకోలేదు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. 'ఇందులో ఎవరెవరున్నారు?' అంటే తెలిసిన ముగ్గురి పేర్లు చెప్పి ఆపేస్తారు. వెనక వరస, ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి అడగండి. ఆ తర్వాత: ఈ ఫోటో ఎవరు తీశారు, ఎవరింట్లో, ఆ రోజు ఏమిటి విశేషం, అక్కడ ఉండి కూడా ఫోటోలో లేనిదెవరు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు చాలా బాగుంటాయి. వంటింట్లో ఉండిపోయిన ఆడవాళ్ల పేర్లన్నీ అక్కడే వస్తాయి.

పేర్లు రాసేటప్పుడు 'మామయ్య', 'పెద్దత్త' అని రాయకండి. మీకు మామయ్య అయినవాడు మీ పిల్లలకు తాతయ్య. అసలు పేరు, ఇంటిపేరు, ఊరు రాసి, చుట్టరికం ఎవరి వైపు నుంచో చేర్చండి. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా అడగండి. ఒక తరం దాటితే అది పూర్తిగా మరుగున పడిపోతుంది. అందరూ పిలిచే ముద్దుపేరూ రాయండి, ఎందుకంటే ఇంకో చుట్టాన్ని అడిగినప్పుడు అసలు పేరు వాళ్లకు తెలియకపోవచ్చు.

కొన్ని ఫోటోల దగ్గర మాట ఆగిపోతుంది. పోయిన బిడ్డ కావచ్చు, తెగిపోయిన సంబంధం కావచ్చు. అక్కడ రికార్డర్ ఆపి, మంచినీళ్లిచ్చి, వేరే ఫోటో తీయండి. వాళ్లే ఎప్పుడో చెబుతారు, చెప్పకపోయినా అది వాళ్ల ఇష్టం.

మూడో మెట్టు: ఏ సంవత్సరమో తేల్చుకోవడం

తారీఖు చెప్పమంటే ఎవరికీ గుర్తుండదు. కానీ మన పెద్దవాళ్లు కాలాన్ని వేరే గుర్తులతో లెక్కపెట్టుకుంటారు. 'పుష్కరాల ముందా, తర్వాతా?' అని అడిగి చూడండి. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లో. దివిసీమ వైపు వాళ్లయితే ఉప్పెన అడగండి, అది 1977 నవంబర్ 19. తెలంగాణలో బాగా పెద్దవాళ్లయితే 1948 సెప్టెంబర్‌లో జరిగిన పోలీస్ యాక్షన్ ఒక గీత గీసినట్టు గుర్తుంటుంది.

శుభలేఖలో తెలుగు సంవత్సరం పేరు ఉంటే పని తేలిక. కాళయుక్తి అంటే 1978-79, ప్రమోదూత అంటే 1990-91. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి 'ప్రభవ' అని ఉంటే 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. ఎవరి పెళ్లో తెలిస్తే ఏదో మనకే అర్థమవుతుంది.

మనుషులు చెప్పలేనప్పుడు ఫోటోలో వెనక ఉన్నది చూడండి. హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధ విగ్రహం నిలబడి ఉంటే ఆ ఫోటో 1992 డిసెంబర్ తర్వాతది. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ కనిపిస్తే 1957 తర్వాతది. రాజమండ్రిలో గోదావరి మీద విల్లులా వంగిన కమానుల వంతెన పూర్తిగా కనిపిస్తే 1990ల నాటిదో, ఆ తర్వాతదో. రైలు, రోడ్డు రెండూ ఉన్న వంతెన కనిపిస్తే 1974కు ముందుది కాదు.

బండి నంబరు ప్లేటు ఇంకా మంచి ఆధారం. 'ఏపీ' తర్వాత జిల్లా అంకె ఉండే పద్ధతి 1989లో మొదలైంది: ఏపీ 5 అంటే తూర్పు గోదావరి, ఏపీ 7 గుంటూరు, ఏపీ 16 కృష్ణా జిల్లా. అంతకుముందు మూడక్షరాల ప్లేట్లు ఉండేవి, వాటిలో జిల్లా అంకె ఉండదు. 'టీఎస్' ఉంటే 2014 తర్వాత, 'టీజీ' అయితే 2024 మార్చి తర్వాత. ఇంటి ముందు మారుతి 800 ఉంటే ఆ ఫోటో 1983 డిసెంబర్‌కు ముందుది అయ్యే వీల్లేదు.

ఫోటో వెనక్కి తిప్పి చూడటం మరవకండి. స్టూడియో ముద్ర, ఊరి పేరు, పెన్సిల్‌తో రాసిన ఆర్డర్ నంబర్ ఏదో ఒకటి ఉంటుంది. మన దగ్గర స్టూడియోలకు పెద్ద చరిత్రే ఉంది. నిజాం ఆస్థానంలో పనిచేసిన లాలా దీన్ దయాళ్ 1880ల్లోనే సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. అట్టకు అతికించిన అంత పాత ఫోటో మీ ఇంట్లో ఉంటే ఆ అట్టను విడదీయకండి. స్టూడియో పేరు సాధారణంగా దాని మీదే ఉంటుంది.

ఒక హెచ్చరిక: మూలన నారింజ రంగు అంకెలతో పడ్డ తేదీని గుడ్డిగా నమ్మకండి. బ్యాటరీ మార్చాక కెమెరాలో తేదీ సరిచేయని ఇళ్లే ఎక్కువ. ఎంతకీ తేలకపోతే 'సుమారు 1975–80' అని రాయండి. ఊహించి కచ్చితమైన ఏడాది రాస్తే తర్వాతివాళ్లు దాన్నే నిజమనుకుంటారు.

నాలుగో మెట్టు: ఆల్బమ్ నుంచి తీయడం, శుభ్రం చేయడం

చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. ఫోటోను అంచులు పట్టుకునే ఎత్తండి. దుమ్మును మెత్తటి పొడి బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు దులపండి, వాడని మేకప్ బ్రష్ బాగా పనికొస్తుంది. తడిగుడ్డ, స్పిరిట్, అద్దాలు తుడిచే ద్రావకం ఏదీ ఫోటో మీద పడకూడదు.

1980లు, 90ల నాటి జిగురు పేజీల ఆల్బమ్‌లతో చాలా జాగ్రత్త. పైన ప్లాస్టిక్ షీటు, కింద చారలు చారలుగా జిగురు ఉంటుంది. ఆ జిగురు పసుపుపచ్చగా మారి ఫోటోను పట్టేస్తుంది. గోటితో లాగితే మూల చిరుగుతుంది, ఫోటో వంగి పైపొర పగులుతుంది. పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్, లేదా సన్నటి నైలాన్ దారం, ఫోటోకూ పేజీకీ మధ్య దూర్చి రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగుతూ పోండి. అయినా రాకపోతే పేజీ వెనక నుంచి హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో కాసేపు పట్టి మళ్లీ ప్రయత్నించండి. మొండికేస్తే వదిలేసి పేజీ మొత్తాన్ని అలాగే స్కాన్ చేయండి.

గోడ మీది పటాల్లో ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే అస్సలు విడదీయొద్దు, అద్దంతోనే ఫోటో తీయాలి. తాతముత్తాతల పటాలకు బొట్టు పెట్టి దండ వేస్తాం కదా, తడి దండలోని నీళ్లు ఫ్రేము సందులోంచి లోపలికి దిగుతాయి. అలాంటి పటాలను ముందుగా కాపీ తీయించి, అసలుది లోపల భద్రం చేసి, గోడకు కాపీ పెట్టుకోవడం మేలు. పూజ ఏమాత్రం తగ్గదు.

వరద నీళ్లలో తడిసిన ఫోటోల సంగతి వేరు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో ఇళ్లు మునిగాయి. అలాంటప్పుడు తడిసి అంటుకున్న ఆల్బమ్‌ను ఎండలో పెట్టడం మన మొదటి ఆలోచన. అలా చేస్తే ఫోటోలు ఒకదానికొకటి శాశ్వతంగా అతుక్కుపోతాయి. ఎండకముందే శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచి ఒక్కోటీ మెల్లగా విడదీయాలి. బొమ్మ ఉన్న వైపు చెయ్యి రాయకుండా నీళ్లలో కడిగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో కాటన్ బట్ట మీద ఆరబెట్టాలి. రెండు రోజుల్లోపు చేయలేకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే పాడవకుండా ఆగుతాయి.

ఐదో మెట్టు: స్కానింగ్

మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ చాలు, ఇంట్లో ప్రింటర్‌తో కలిపి వచ్చేదైనా సరే. 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టండి. 4×6 ఫోటోకు అది 2400×3600 పిక్సెళ్లు ఇస్తుంది, రెట్టింపు సైజులో ప్రింటు వేసినా బాగుంటుంది. పాస్‌పోర్ట్ సైజువి, చిన్న చతురస్రపు ఫోటోలు 1200 డీపీఐలో చేయండి. నలుపు తెలుపు ఫోటోలనూ కలర్ మోడ్‌లోనే తీయండి, వెలిసిన ఛాయలు, సిరా గుర్తులు పోకుండా ఉంటాయి. వెనక రాత ఉంటే వెనకవైపూ స్కాన్ చేయాలి. స్కానర్ అద్దాన్ని ప్రతి పది ఫోటోలకోసారి పొడిగుడ్డతో తుడవండి.

ఫోన్‌తో తీసేవాళ్లు ఫ్లాష్ ఆపేసి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఫోటోకు సమాంతరంగా ఫోన్ పట్టుకోండి. ఫ్యాను ఆపండి. పాత ఫోటోలు వంగి ఉంటాయి, గాలికి కదిలితే మసకబారతాయి. మెరుపు పడుతుంటే గూగుల్ ఫోటోస్కాన్ యాప్ నాలుగైదు కోణాల నుంచి తీసి దాన్ని తగ్గిస్తుంది.

నెగెటివ్‌లు ఉంటే అదృష్టం, పారేయకండి. ప్రింటు కన్నా వాటిలోనే వివరం ఎక్కువ. వాటిని నెగెటివ్ స్కానింగ్ సౌకర్యం ఉన్న ల్యాబ్‌కు ఇవ్వండి.

మొహాలు మెరుగుపరిచే ఏఐ యాప్‌ల మీద ఇప్పుడు అందరికీ మోజు. రంగులు అద్దుకోండి, సరదాయే. కానీ ఆ యాప్ మసకగా ఉన్న కళ్లనూ నోటినీ తనే ఊహించి గీస్తుంది, అది మీ ముత్తవ్వ మొహం కాదు. అసలు స్కాన్‌ను ఎప్పుడూ విడిగా ఉంచండి, మార్చినదాని పేరులో 'మార్చినది' అని రాయండి.

ఆరో మెట్టు: పేర్లు, కాపీలు

ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెడితే వరస దానంతటదే వస్తుంది: '1979-08_గోదావరి పుష్కరాలు_రాజమండ్రి_012'. నెల తెలియకపోతే 1979-00. చివరి అంకె అసలు ఫోటోది. అదే నంబరును ఫోటో ఉంచిన కవరు మీద కూడా రాయాలి. ఎవరెవరున్నారన్నది ఫైలు పేరులో పట్టదు కాబట్టి ఒక ఎక్సెల్ షీటు పెట్టుకోండి: నంబరు, సంవత్సరం, ఊరు, ఎడమ నుంచి పేర్లు, చెప్పింది ఎవరు, ఎప్పుడు చెప్పారు. ఈ చివరి రెండూ వదలొద్దు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. ఆ షీటు టైప్ చేసే పని ఇంట్లో పిల్లలకు ఇవ్వండి. టైప్ చేస్తూ 'ఈమె ఎవరికి ఏమవుతుంది?' అని అడగడం మొదలుపెడతారు.

గూగుల్ ఫోటోస్‌లో పెడితే స్కాన్ చేసిన తేదీ పడుతుంది, దాన్ని పాత సంవత్సరానికి మార్చుకోవాలి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్ కూడా కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి. మూడు కాపీలు ఉండాలన్నది నా నియమం: ఒకటి కంప్యూటర్లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఇంకో ఊళ్లో తమ్ముడింట్లోనో ఆన్‌లైన్‌లోనో. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఏడో మెట్టు: అసలు ఫోటోలను దాచడం

స్కాన్ అయిపోయింది కదా అని అసలువి పారేయకండి. అటక మీద పెట్టకండి, వేసవిలో స్లాబు వేడికి రంగు ఫోటోలు త్వరగా వెలిసిపోతాయి. బయటి గోడకు ఆనుకోని బీరువాలో మధ్య అర మంచి చోటు. యాసిడ్ ఫ్రీ కాగితపు కవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాత న్యూస్‌పేపర్లో చుట్టొద్దు. ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. లామినేషన్ అసలే వద్దు, చేయించాక వెనక్కి తీయలేం. కలరా ఉండలు ఫోటోల మధ్య వేయకండి, సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలం తర్వాత మార్చండి. ఫోటో వెనక రాయాల్సి వస్తే గట్టి బల్ల మీద పెట్టి, మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా రాయాలి. బాల్ పెన్ను ముందువైపు గీతలుగా తేలుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న రంగు ఫోటోల మీద పెన్సిల్ పడదు, వాటికి కవరు మీద రాయడమే.

ఎనిమిదో మెట్టు: పదిమందికీ పంచడం

వందల ఫోటోలు ఒకేసారి ఫ్యామిలీ గ్రూపులో పోస్తే ఎవరూ చూడరు. వారానికి రెండు, మూడు పెట్టి 'వెనక నిలబడ్డదెవరు?' అని అడగండి. అమెరికాలో ఉన్న పెద్దబాబాయి పిల్లలు కూడా వాళ్ల నాన్నను అడిగి జవాబిస్తారు. ఎవరి ఫోటో అయినా బయట పెట్టేముందు వాళ్లనో, వాళ్ల ఇంటివాళ్లనో ఒక మాట అడగడం మర్యాద.

ఆ తర్వాత నలభై, యాభై ఫోటోలు ఎంచుకుని పుస్తకంగా ప్రింట్ వేయించండి. పెళ్లిళ్లకు వేసే బరువైన కరిజ్మా ఆల్బమ్ అక్కర్లేదు, పెద్దవాళ్లు ఒళ్లో పెట్టుకుని తిప్పగలిగే తేలికపాటిది చాలు. ఫోటో కింద పేర్లు పెద్ద అక్షరాల్లో వేయించండి, ప్రతి పేజీలో కొంత ఖాళీ ఉంచండి. పుస్తకంతో పాటు ఒక పెన్సిల్ కూడా ఇవ్వండి. చూసిన ప్రతివాళ్లూ ఎక్కడో ఒకచోట ఒక పేరు దిద్దుతారు, ఒక ఊరు చేరుస్తారు. పండక్కి వెళ్లినప్పుడు ఆ పేజీలు ఫోన్లో తీసుకొచ్చి, చెప్పినవాళ్ల పేరుతో సహా షీటులో ఎక్కించుకోండి.